టైటానియం అంచు, అల్యూమినియం ఒళ్ళు

శంషాబాద్ విమానాశ్రయంలో ఏరోబ్రిడ్జి ఖాళీ లేదని బస్సులో తీసుకెళ్ళి మెట్లెక్కిస్తే అందరం విసుక్కుంటాం. ఇంజిన్లు చూడాలన్న సరదా ఉన్నవాళ్ళకి మాత్రం అంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఎక్కబోయేది ఇండిగో వాళ్ళ ఎ320 నియో అయితే, ఇంజిన్ నోట్లోకి ఒక్కసారి తొంగిచూడండి. ఫ్యాన్ రెక్కలు ముదురు బూడిద రంగులో ఉంటాయి. ఒక్కోదాని ముందంచున మాత్రం తెల్లగా మెరిసే లోహపు పట్టీ కనిపిస్తుంది. ఓపిక ఉంటే రెక్కలు లెక్కపెట్టండి. 18 ఉంటే అది సీఎఫ్ఎం కంపెనీ లీప్ ఇంజిన్. 20 ఉంటే ప్రాట్ అండ్ విట్నీ వారి గేర్ ఇంజిన్, పీడబ్ల్యూ1100జీ. ఇండిగో దగ్గర రెండు రకాలూ ఉన్నాయి.

పైకి రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మెరిసే పట్టీ రెండిట్లోనూ టైటానియమే. దాని వెనకున్న ఒళ్ళు మాత్రం వేరు. లీప్‌ది కార్బన్ నారలతో నేసిన కాంపోజిట్. ప్రాట్‌ది అల్యూమినియం మిశ్రమలోహం. నాకు ఆసక్తి ఈ రెండో జోడీ మీదే. లోహాలు ఎలా తినేసుకుంటాయో తెలిసిన ఇంజినీరు ఎవరూ టైటానియాన్నీ అల్యూమినియాన్నీ ఊరికే పక్కపక్కన పెట్టరు. పెట్టారంటే గట్టి కారణమే ఉండాలి.

ఆ కారణం గేరు. మామూలు టర్బోఫ్యాన్‌లో ముందున్న ఫ్యాన్‌నీ, దాన్ని తిప్పే వెనక టర్బైన్‌నీ ఒకే షాఫ్టు కలుపుతుంది. టర్బైన్ ఎంత వేగంగా తిరిగితే అంత బాగా పనిచేస్తుంది, పెద్ద ఫ్యాన్‌కేమో నెమ్మది మంచిది. కాబట్టి ఇద్దరికీ పూర్తిగా నచ్చని ఏదో ఒక వేగం దగ్గర సర్దుకోవాలి. ప్రాట్ వాళ్ళు మధ్యలో గేర్‌బాక్స్ పెట్టారు. టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 2016 జనవరిలో లుఫ్తాన్సా ఎ320 నియోతో ఈ ఇంజిన్ ప్రయాణికుల్ని మొయ్యడం మొదలుపెట్టింది.

తిరిగే రెక్కను బయటికి లాగే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పక్షి వచ్చి తగిలినప్పటి దెబ్బా అలాగే తగ్గుతుంది. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌కి అందుకే అల్యూమినియం కూడా సరిపోయింది. ఒక ఘన సెంటీమీటరు టైటానియం నాలుగున్నర గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములే. రెక్క బరువు తగ్గితే దాన్ని పట్టుకునే హబ్ బరువు తగ్గుతుంది, బేరింగు మీద భారం తగ్గుతుంది, పొరపాటున రెక్క విరిగితే బయటికి పోకుండా ఆపాల్సిన కేసింగు బరువు కూడా తగ్గుతుంది.

కానీ అల్యూమినియం మెత్తన. రెక్క కొస సెకనుకు వందల మీటర్ల వేగంతో కదులుతుంటే ఇసుక రేణువులు దాన్ని గీకేస్తాయి, వాన చినుకులు గుంటలు పెడతాయి, పక్షి తగిలితే అంచు మడతపడుతుంది. కాబట్టి దెబ్బ ముందుగా తగిలే అంచుకి టైటానియం తొడుగు వేశారు. దాంతో బలం సమస్య తీరింది, రసాయనశాస్త్రం సమస్య మొదలైంది.

ఆ సమస్య మనకేమీ కొత్తది కాదు. విశాఖ బీచ్ రోడ్డు మీదో కాకినాడలోనో అపార్ట్‌మెంట్ల బయట వేలాడే ఏసీ యూనిట్లు చూడండి. రాగి గొట్టాల చుట్టూ పల్చటి అల్యూమినియం రేకులు ఉంటాయి. ఉప్పుగాలి తగిలే చోట కొన్నేళ్ళకి ఆ రేకులు తెల్లటి పొడై రాలిపోతాయి, రాగి గొట్టానికి ఏమీ కాదు. అల్యూమినియం సర్వీసు వైరుని ఇంట్లో రాగి వైరుతో ఉత్తినే మెలిపెట్టి కలిపితే ఆ అతుకు కొన్నాళ్ళకి వేడెక్కి మాడుతుంది. ఎలక్ట్రీషియన్లు బైమెటాలిక్ లగ్గులు వాడమనేది అందుకే.

జరిగేదేమిటంటే, రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉండి, రెండిటి మీదా ఒకే తడి పొర పరుచుకుంటే అక్కడో చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలే లోహం ఆనోడ్ అవుతుంది. దాని పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని అయాన్లుగా నీటిలోకి జారుకుంటాయి, అంటే లోహం కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు తాకిన చోటు గుండా రెండో లోహానికి, కాథోడ్‌కి, వెళ్ళి అక్కడ నీటిలో కరిగిన ఆక్సిజన్‌కి చేరతాయి. ఈ బ్యాటరీ నడవాలంటే నాలుగూ ఉండాలి: ఆనోడ్, కాథోడ్, రెండిటినీ కలిపే లోహపు దారి, రెండిటినీ కలిపే తడి. ఒక్కటి తెగినా ఆట ఆగిపోతుంది. ఈ విద్యలోని ఉపాయాలన్నీ ఆ నాలుగిట్లో దేన్ని తెంపాలనే చుట్టూనే తిరుగుతాయి.

ఇక్కడ ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్ళకి ఒక అనుమానం రావాలి. విద్యుద్రసాయన శ్రేణిలో అల్యూమినియం ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 1.66 వోల్టులు, టైటానియంది మైనస్ 1.63. పక్కపక్కనే ఉన్నాయి. మరి వీటి మధ్య గొడవ దేనికి? పుస్తకంలోని పట్టిక శుభ్రమైన, పూతలేని లోహానికి చెందింది. టైటానియం గాలి తగలగానే తన మీద తానే ఒక ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. నానోమీటర్ల మందమే అయినా చాలా గట్టి పొర, ఉప్పునీరు కూడా దాన్ని ఏమీ చెయ్యలేదు. అల్యూమినియం కూడా అలాంటి పొరే కప్పుకుంటుంది గానీ ఉప్పులోని క్లోరైడు దానికి చిల్లులు పొడుస్తుంది. సముద్రపు నీటిలో ముంచి కొలిస్తే టైటానియం శ్రేణిలో పైపైకి, రాగిని కూడా దాటి ఎగబాకుతుంది. అల్యూమినియం కిందనే ఉండిపోతుంది. రెండిటి మధ్య తేడా సుమారు 0.7 వోల్టులు, టార్చిలైటు సెల్లులో దాదాపు సగం. పరీక్ష పట్టికను నమ్ముకుని విమానం కడితే చిక్కే.

ఈ జబ్బునీ దాని మందునీ మనిషి మొదట గమనించింది విమానాల్లో కాదు, కొయ్య ఓడల్లో. బ్రిటిష్ నౌకాదళం 1761లో హెచ్ఎంఎస్ అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకులు తొడిగింది. ఉష్ణమండల సముద్రాల్లో కొయ్యను తొలిచే పురుగుల నుంచి కాపాడుకోవడానికి. వెస్టిండీస్ తిరిగొచ్చిన నౌకను 1763లో పరిశీలిస్తే రేకులు చాలాచోట్ల ఊడిపోయి ఉన్నాయి. రాగి బాగానే ఉంది. దాన్ని పట్టుకున్న ఇనప మేకులే తినేసినట్టు పోయాయి. కానీ కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. కారణం వెతికితే దొరికింది ఒక గోధుమరంగు కాగితం. రాగి రేకులు ఆ కాగితంలో చుట్టి ఓడరేవుకి వచ్చాయి. పనివాళ్ళు కొన్నిచోట్ల కాగితం ఊడదియ్యకుండానే మేకులు కొట్టేశారు. కాగితం అడ్డున్న చోట రాగి ఇనుమును తాకలేదు. వోల్టా బ్యాటరీ తయారుచేసింది 1800లో. ఈ కాగితం అంతకు దాదాపు నలభై ఏళ్ళ ముందు పని మొదలుపెట్టింది.

అలారం నౌక ఇంకో పాఠం కూడా చెప్పింది. నౌక అడుగంతా పరుచుకున్న రాగి ఎంత విశాలం, మేకు తల ఎంత చిన్నది! రాగి మొత్తం మీద ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు అడుగుతుంటే ఇవ్వాల్సింది ఆ గుప్పెడు మేకులు. పెద్ద కాథోడ్, చిన్న ఆనోడ్: ఇంతకన్నా చెడ్డ జోడీ లేదు. తిరగేసి, ఇనప పలకకి రాగి మేకులు కొడితే నష్టం విశాలమైన ఇనుము మీద సర్దుకుంటుంది, ఏళ్ళు పడుతుంది.

దీంట్లోంచి పుట్టిన ఒక సలహా వింటే రంగులేసే మేస్త్రీ నవ్వుతాడు. రెండు లోహాల్లో ఒక్కదానికే రంగు వేసే వీలుంటే, పాడయ్యే లోహానికి కాదు, పాడవని లోహానికి వెయ్యాలి. అల్యూమినియానికి రంగు వేశారనుకోండి. ఎక్కడో ఒక చిన్న గీత పడుతుంది. ఇక ఎదురుగా ఉన్న టైటానియం మొత్తానికీ ఆ గీత ఒక్కటే ఆనోడ్. అక్కడ సన్నగా, లోతుగా తొలిచేస్తుంది. అదే టైటానియానికి రంగు వేస్తే కాథోడే మూతపడుతుంది, గీత పడినా బయటపడేది కొంచెం కాథోడే.

ఫ్యాన్ రెక్క దగ్గర ఈ సలహా పనికిరాదు. టైటానియం అంచు ఉన్నదే ఇసుకనీ వాననీ ఎదుర్కోడానికి. దాని మీద ఏ రంగు వేసినా నాలుగు రోజుల్లో గీక్కుపోతుంది. అంచు బట్టబయలుగా ఉండాల్సిందే. అల్యూమినియం ఒంటికి పూత వెయ్యకపోతే అదీ కోసుకుపోతుంది కాబట్టి పూత వెయ్యాల్సిందే. అంటే సలహాకి సరిగ్గా ఎదురుగా, కాథోడ్ బయట, ఆనోడ్ పూత కింద. తడిని ఆపడం మన చేతిలో లేదు. నాలుగిట్లో తెంపగలిగింది ఒక్కటే మిగిలింది, లోహానికీ లోహానికీ మధ్య దారి.

అందుకే తొడుగును రివెట్లతోనో వెల్డింగుతోనో కాకుండా జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు సీసాలోంచి పోసేది కాదు. పల్చటి పొరలా చుట్టచుట్టి వచ్చే ఎపాక్సీ, దాని మధ్యలో సన్నటి గుడ్డ ఉంటుంది. ఈ పని కోసం ఆ గుడ్డను గాజు నారలతో చేస్తారు. ఎందుకంటే వేడిచేసి ఒత్తిడి పెట్టినప్పుడు జిగురు కాసేపు నీళ్ళలా అవుతుంది, గట్టిగా నొక్కిన చోట పక్కకి జారిపోతుంది. వంపు ఉన్న చోట టైటానియం అల్యూమినియాన్ని ఒక్క బిందువు దగ్గర తాకినా చాలు, బ్యాటరీ మొదలు. గాజు గుడ్డ పక్కకి జారదు. ఎంత నొక్కినా దాని మందం మేరకు రెండు లోహాలనూ ఎడంగా నిలబెడుతుంది. గాజులోంచి విద్యుత్తు పోదు. అలారం నౌకలోని కాగితం చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే అక్కడ పొరపాటున మిగిలింది, ఇక్కడ లెక్కవేసి పెట్టారు.

జిగురు మీద పడే భారం తక్కువేమీ కాదు. ఒక్క డిగ్రీ వేడికి అల్యూమినియం మీటరుకు 23 మైక్రాన్లు సాగితే టైటానియం తొమ్మిది మైక్రాన్లలోపే సాగుతుంది. జిగురు గట్టిపడేది వందకు పైన డిగ్రీల వేడిలో. 70 సెంటీమీటర్ల పట్టీ వంద డిగ్రీలు చల్లారిందనుకుంటే, అల్యూమినియం తన పక్కనున్న టైటానియం కన్నా దాదాపు ఒక మిల్లీమీటరు ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది. మిల్లీమీటరులో ఏ నాలుగోవంతో ఉండే జిగురు పొర ఆ లాగుడును మొదటి రోజు నుంచీ భరిస్తూ ఉండాలి. దాని మీద తిరిగేటప్పటి బలం, అదురు, మైనస్ 50 డిగ్రీల ఆకాశం.

అడ్డుపొర నమ్మకద్రోహం చేసిన కథలు రెండున్నాయి. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహానికి రాగి చర్మం, ఇనప ఎముకలు. 1886లో నిలబెట్టినప్పుడే రెండూ తాకకూడదని ఆ ఇంజినీర్లకి తెలుసు, లక్కలో నానబెట్టిన ఆస్బెస్టాస్ పొర మధ్యలో పెట్టారు. కాలక్రమంలో ఆ పొర పాడై ఉప్పు తేమను పీల్చుకుంది. అడ్డుకోవాల్సింది కాస్తా తడిని మోసే గుడ్డ అయింది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాగి రివెట్లను పెకలించింది. 1986కి ముగిసిన మరమ్మతులో ఆ ఇనప పట్టీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు, మధ్యన టెఫ్లాన్ వచ్చాయి.

రెండోది విమానానిదే, ఎక్కువ బాధ పెట్టేది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఎగురుతుండగా పైకప్పు ముందుభాగం ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక కొట్టుకుపోయి చనిపోయారు. మిగిలిన 94 మందితో పైలట్లు విమానాన్ని దించగలిగారు. అక్కడ వేర్వేరు లోహాల పేచీ లేదు, అల్యూమినియం మీద అల్యూమినియమే. కానీ ఆ పాతరకం 737లలో రేకుల అతుకుల మధ్య పెట్టింది ఎపాక్సీ ఎక్కించిన గుడ్డే, చల్లగా అంటించే పద్ధతిలో. కొన్నిచోట్ల అది సరిగ్గా అంటుకోలేదు. ఊడిన చోట సముద్రపు తేమ దూరింది, లోహాన్ని తినేసింది, జిగురు మొయ్యాల్సిన భారమంతా రివెట్ల మీద పడింది, రివెట్ల రంధ్రాల దగ్గర పగుళ్ళు పుట్టి ఒకదానితో ఒకటి కలిశాయి. జిగురూ గుడ్డా మంచివే, కింద లోహపు ముఖం సరిగ్గా తయారుకాలేదు.

అందుకని ఇప్పుడు జిగురు కన్నా ముందు పని మీదే శ్రద్ధంతా. అల్యూమినియాన్ని ఆమ్లపు తొట్టెలో పెట్టి విద్యుత్తు పంపి దాని ఆక్సైడ్ పొరను మందం చేస్తారు. 1970లలో బోయింగ్ పైకి తెచ్చిన ఫాస్ఫారిక్ ఆమ్లపు పద్ధతిలో ఆ పొర నిండా సన్నటి రంధ్రాలుంటాయి. ప్రైమరు వాటిలోకి ఊడలు దించినట్టు దిగుతుంది. తొట్టెల్లోకి దించే ముందు లోహం శుభ్రమైందో లేదో తేల్చేది ఏ లేజరో కాదు, మంచినీళ్ళు. కడిగిన ముఖం మీద నీటి పొర ఎక్కడా తెగకుండా పరుచుకుని ఉంటే శుభ్రం. ఒక్కచోట నీరు విడిపోయి బొట్లు కట్టినా ఎవరి వేలి జిడ్డో తగిలిందని అర్థం, మళ్ళీ మొదటికి. ఇంత ఖరీదైన రెక్క భవిష్యత్తు ఒక బొటనవేలి ముద్ర మీద ఆధారపడటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఒకప్పుడు ఈ పనుల్లో చాలావాటికి క్రోమేటు వాడేవాళ్ళు. బ్రహ్మాండంగా పనిచేసేది, కానీ ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రైఆక్సైడ్ వాడటానికి వీల్లేదు.

ఇంత బాగా విడదీస్తే ఇంకో చిక్కు. రెక్క ఒంటికి పూత, మొదలు దగ్గర హబ్‌తో రాపిడి తగలకుండా ఇంకో పూత, అంచుకి జిగురు. రెక్క నలువైపులా విద్యుత్తుకి దారి లేకుండా అయిపోయింది. పొడి గాలీ దుమ్మూ రాసుకుంటూ పోతే స్థిర విద్యుత్తు పోగవుతుంది, హబ్‌కీ రెక్కకీ మధ్య పొటెన్షియల్ తేడా పుడుతుంది. ప్రాట్ మాతృసంస్థ పేరిట ఉన్న పేటెంట్లలో కొన్ని కేవలం దీని కోసమే: రెక్కను హబ్‌కి కలిపే చిన్న వాహకపు ముక్క ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అని. ముందు దారులన్నీ మూసి, తర్వాత తాము కోరుకున్న ఒక్క దారి తెరిచారన్నమాట.

ఇక 18 రెక్కల లీప్ ఇంజిన్ సంగతి. కార్బన్ నార లోహం కాకపోయినా విద్యుత్తును మోస్తుంది, సముద్రపు నీటి శ్రేణిలో టైటానియం కన్నా కూడా పైన కూర్చుంటుంది. దాని పక్కన అల్యూమినియం పెడితే గోవిందా. టైటానియం పెడితే ఇద్దరూ పైమెట్టు వాళ్ళే కాబట్టి పేచీ ఉండదు. కార్బన్ రెక్కలకి లోహపు ముందంచు తప్పనిసరని రోల్స్ రాయిస్ ఖరీదైన దారిలో నేర్చుకుంది. ఆర్‌బీ211 ఇంజిన్‌కి తలపెట్టిన హైఫిల్ అనే కార్బన్ రెక్క 1970లో పక్షి పరీక్షలో ముక్కలైంది. ఆ ఇంజిన్ ఖర్చులు మోయలేక 1971 ఫిబ్రవరి 4న కంపెనీయే దివాలా తీసింది. కార్బన్ ఒంటికి టైటానియం అంచు తొడిగి 1995లో జీఈ90తో ప్రయాణికుల విమానంలో నిలదొక్కుకున్నది జనరల్ ఎలక్ట్రిక్. ఆ కార్బనే బోయింగ్ 787 ఒంటినీ మార్చింది. బరువులో సగం కాంపోజిట్లయ్యేసరికి, వాటిని తాకే చోట్ల అల్యూమినియం పనికిరాక టైటానియం వాటా సుమారు 15 శాతానికి పెరిగింది. తప్పనిసరిగా అల్యూమినియం ఉండాల్సిన చోట మధ్యలో మళ్ళీ గాజు నారల పొరే.

ఈ తినివేత ఆకాశంలో పెద్దగా జరగదు. 35 వేల అడుగుల ఎత్తున గాలి పొడి, చలికి నీరు గడ్డకట్టుకుపోయి ఉంటుంది. తడి లేకపోతే బ్యాటరీ లేదు. జరిగేదంతా నేల మీద, విశాఖ లాంటి తీరపు ఊళ్ళో రాత్రి నిలిపిన విమానం మీద మంచు పట్టినప్పుడు. కోవిడ్ కాలంలో వందలాది విమానాలను ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్, స్పెయిన్‌లోని తెరువెల్ లాంటి పొడి ప్రాంతాలకు తోలింది పార్కింగ్ చోటు కోసం మాత్రమే కాదు, ఈ భయంతో కూడా.

2025 నవంబరులో శంషాబాద్‌లో లీప్ ఇంజిన్ల మరమ్మతుకి సఫ్రాన్ కంపెనీ కేంద్రం మొదలైంది కాబట్టి, ఈ పట్టీలను చూసే చేతుల్లో మనవాళ్ళవీ ఉంటాయి. అంటించిన తొడుగు లోపల ఊడిందేమో చూడటానికి ఎంత అధునాతన యంత్రాలొచ్చినా, చిన్న సుత్తితోనో నాణెంతోనో తట్టి వినే పద్ధతి ఈ రంగంలో ఇంకా పోలేదు. అంటుకుని ఉన్నచోట ఖంగుమంటుంది, ఊడినచోట బోలుగా పలుకుతుంది. టైటానియం పట్టీ మీద రాయి తగిలి చిన్న నొక్కు పడితే, అది హద్దులోనే ఉంటే ఫైలుతో సాఫీగా రాసి విమానాన్ని పంపేస్తారు. అల్యూమినియం రెక్కలో అదే నొక్కు పట్టీ దాటి ఒంటి పూత మీద పడితే అలా కుదరదు, అక్కడ పూత మళ్ళీ వెయ్యాలి. గీత గోరంతే కదా అని వదిలెయ్యడానికి లేదు. గోరంతే కావడమే దాని ప్రమాదం, ఎదురుగా బారెడు టైటానియం ఉంది.